నాటు కాపరి కుక్కల జాతిలో జన్యు వైవిధ్యాన్ని ఎలా కొలవాలి?

ప్రశ్న

గొర్రెల మందలను కాసే ఒక నాటు జాతి కుక్కల వంశావళిని నమోదు చేసే పనిలో ఉన్నాను. నమోదవుతున్న కుక్కల సంఖ్య ఏటా పెరుగుతున్నందువల్ల జాతికి ఢోకా లేదని చాలామంది అంటున్నారు. అయితే పుడుతున్న పిల్లల్లో ఎక్కువ భాగానికి తండ్రులు నాలుగైదు మగకుక్కలే. నాలుగు తరాల వంశావళితో లెక్కిస్తే అంతఃప్రజనన గుణకం, అంటే దగ్గరి చుట్టరికమున్న కుక్కలను జత కలపడం ఎంత మేరకు జరిగిందో చెప్పే సంఖ్య, తక్కువగానే వస్తోంది. ఈ లెక్కను నమ్మవచ్చా? డీఎన్ఏ పరీక్ష చేయించాలంటే దేన్ని కొలిపించాలి?

మొదటి జవాబు

మీ అనుమానం సరైనదే. మొత్తం ఎన్ని కుక్కలున్నాయన్నది కాదు, సంతానానికి ఎన్ని మగవి, ఎన్ని ఆడవి తోడ్పడుతున్నాయన్నదే ముఖ్యం. ఆ రెండు సంఖ్యల లబ్ధాన్ని నాలుగుతో గుణించి, వాటి మొత్తంతో భాగిస్తే ప్రభావక జనాభా, అంటే వైవిధ్యం తరిగే వేగాన్ని బట్టి జాతి నిజానికి ఎన్ని కుక్కలకు సమానమో చెప్పే సంఖ్య, వస్తుంది. 100 ఆడకుక్కలకు 4 మగకుక్కలనే వాడితే అది సుమారు 15 మాత్రమే, అంటే అంతఃప్రజననం తరానికి 3 శాతానికి పైగా పెరుగుతుంది. అవే 100 ఆడకుక్కలకు 25 మగకుక్కలను వాడితే ప్రభావక జనాభా 80కి చేరి, పెరుగుదల 0.6 శాతం దగ్గర ఆగుతుంది. ఈ సంఖ్య 50కి తగ్గకూడదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సూచిస్తుంది.

ఇక నాలుగు తరాల వంశావళి, అంతకు ముందున్న కుక్కలన్నింటికీ ఒకదానితో ఒకటి చుట్టరికం లేదని ఊహించుకొని లెక్క వేస్తుంది. కొద్దిపాటి కుక్కలతో మొదలైన జాతిలో ఆ ఊహ నిలవదు కనుక గుణకం తక్కువగా రావడంలో ఆశ్చర్యం లేదు.

రెండో జవాబు

సుమారు 20 మైక్రోశాటిలైట్ మార్కర్ల (డీఎన్ఏలో చిన్న అక్షరవరుస పదేపదే వచ్చే గుర్తింపు చోట్ల) పరీక్ష తల్లిదండ్రుల నిర్ధారణకు, జాతులను స్థూలంగా పోల్చడానికి సరిపోతుంది. ఒక్కో కుక్కలో అంతఃప్రజననం ఎంతో తెలియాలంటే మాత్రం డీఎన్ఏలో ఒక్కో అక్షరం తేడా ఉండే లక్షకు పైగా మార్కర్లను చదివే ఎస్‌ఎన్‌పీ చిప్ మేలు. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోములు చాలా దూరం వరకు ఒకేలా ఉన్న భాగాలను అది పట్టిస్తుంది. అటువంటి భాగాల పొడవును కూడి, లింగ క్రోమోజోములు కాక మిగిలిన 38 జతల క్రోమోజోముల మొత్తం పొడవుతో, అంటే సుమారు 220 కోట్ల బేస్ జతలతో (డీఎన్ఏ అక్షరాల జతలతో) భాగిస్తే ఆ కుక్క అసలు గుణకం తెలుస్తుంది. ఆ భాగాలు పొడవైనవైతే ఉమ్మడి పూర్వీకుడు ఇటీవలివాడు, పొట్టివైతే ఎన్నో తరాల వెనకటివాడు. వంశావళి పుస్తకం ఎన్నటికీ చెప్పలేని సంగతి ఇది.

మూడో జవాబు

ఏ పరీక్షైనా నమూనాల మీదే ఆధారపడుతుంది. ఒకే ఈతలో పుట్టిన పిల్లలన్నింటి నుంచీ నమూనాలు తీసుకుంటే వైవిధ్యం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. పుస్తకంలోకి ఎక్కకపోయినా మందల వెంట పనిచేస్తున్న కుక్కలను వదలవద్దని నా మనవి, మిగతావాటిలో ఇప్పటికే పోయిన జన్యురూపాలు వాటిలో మిగిలి ఉండవచ్చు. నమూనా తీసే ముందు అరగంటసేపు కుక్కకు మేత పెట్టకుండా, దూది పుల్లతో బుగ్గ లోపలి వైపు గట్టిగా రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి కాగితపు కవరులో ఉంచండి. తడిగా ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పడుతుంది. పాలు తాగే పిల్లల నోట్లో తల్లి కణాలు కలిసే అవకాశం ఉంది కాబట్టి వాటిని తల్లికి దూరంగా కాసేపు ఉంచాకే తీయాలి.

నాలుగో జవాబు

ఫలితాలు వచ్చాక తొందరపడవద్దు. కోలీ జాతుల్లో కనిపించే కంటి లోపం వంటి అంతర్గత వ్యాధి జన్యువు (రెండు ప్రతులూ ఉంటేనే వ్యాధి తెచ్చేది) ఒక్క ప్రతి ఉన్న కుక్కలన్నింటినీ సంతానానికి పనికిరావని పక్కన పెడితే, వాటితోపాటు వైవిధ్యం కూడా పోతుంది. ఆ జన్యువు లేని కుక్కతో జత కలిపితే పిల్లల్లో ఏదీ ఆ వ్యాధి బారిన పడదు. ఆ పిల్లలను పరీక్షించి, జన్యువు లేనివాటిని తరువాతి తరానికి ఎంచుకోవచ్చు.