మానసిక గాయం ఉన్నవారిని కళ్లు మూసుకుని శ్వాసను గమనించమనడం సరైన సలహాయేనా?

ప్రశ్న వేసిన సభ్యురాలు:

చిన్నతనంలో ఇంట్లో నేను అనుభవించిన హింస వివరాలు ఇక్కడ రాయదలచుకోలేదు. నిద్ర పట్టక, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతూ, ఏ తప్పూ చేయకపోయినా రోజంతా తప్పు చేసినదానిలా బతుకుతున్నానని చాలా ఆలస్యంగా గ్రహించి, ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని ఉన్నదున్నట్టు గమనించడం నేర్పే ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ తరగతిలో చేరాను. మూడో వారంలో కళ్లు మూసుకుని ఛాతీలో శ్వాస కదలికను గమనించమన్నారు. రెండు నిమిషాలు గడిచేసరికి గొంతు బిగుసుకుపోయింది, అరచేతులు చల్లబడ్డాయి, వెనక ఎవరో నిలబడి ఉన్నారన్న భయం పట్టుకుంది. బోధకులు మెత్తగానే, “ఏది వచ్చినా పారిపోకండి, దానితోనే ఉండండి” అన్నారు. ఉన్నాను. ఆ తర్వాత మూడు రాత్రులు కంటి మీద కునుకు లేదు. మరుసటి తరగతికి వెళ్లలేకపోయినందుకు, ఊరికే కూర్చోవడం కూడా చేతకాలేదని నన్ను నేనే తిట్టుకున్నాను. లోపం నాలో ఉందా, పద్ధతిలో ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

దీర్ఘకాల సాధకుడు:

మీరు పడిన బాధను తక్కువ చేసి మాట్లాడను. అయినా ఒక చేదు అనుభవంతో పద్ధతినే వదిలేస్తే నష్టపోయేది మీరే అన్న ఆందోళనతో రాస్తున్నాను. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఈ శిక్షణను మొదలుపెట్టినప్పుడు, మామూలు చికిత్సతో తగ్గని నొప్పులతో ఏళ్ల తరబడి బాధపడుతున్నవారు అక్కడికి వచ్చారు. నొప్పి వేరు, నొప్పితో మనం చేసే పెనుగులాట వేరు అని వాళ్లు కూర్చునే నేర్చుకున్నారు. 2015లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, పీటీఎస్‌డీతో (తీవ్రమైన ఆఘాతం తర్వాత వెంటాడే మానసిక రుగ్మతతో) ఉన్న 116 మంది మాజీ సైనికులలో కొందరికి ఈ శిక్షణ, మిగిలినవారికి మరో రకం బృంద చికిత్స ఇచ్చి పోల్చి చూస్తే, శిక్షణ పొందినవారు తమ లక్షణాలు ఎక్కువగా తగ్గాయని చెప్పారు. తప్పించుకునే కొద్దీ భయం బలపడుతుంది కదా. కాబట్టి “పారిపోకండి” అన్న మాటలో తప్పేముందో నాకు అర్థం కాలేదు.

కౌన్సెలర్‌గా పనిచేస్తున్న సభ్యురాలు:

ప్రశ్న వేసినవారికి మొదట ఒక మాట: లోపం మీలో లేదు. మీ శరీరం మిమ్మల్ని కాపాడటానికి ఏనాడో నేర్చుకున్న పనిని ఆ రోజు మళ్లీ చేసింది, అంతే.

సాధకులు ప్రస్తావించిన అధ్యయనం నిజమే, కానీ దాన్ని చివరి వరకూ చదవాలి. లక్షణాల తీవ్రత తగ్గినా, ఆ తగ్గుదల ఓ మోస్తరుగానే ఉంది. పీటీఎస్‌డీ నిర్ధారణ నుంచి పూర్తిగా బయటపడినవారి సంఖ్యలో రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా రెండు బృందాలకూ నిపుణుల పర్యవేక్షణ ఉంది. తప్పించుకోవడం వల్ల భయం బలపడుతుందన్న మాటతో కూడా నాకు పేచీ లేదు. ట్రామాపై, అంటే మానసిక గాయంపై, దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకునే మాటల చికిత్స) అయినా, ఈఎండీఆర్ (జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే చికిత్స) అయినా జ్ఞాపకానికి ఎదురు నిలబెట్టే చికిత్సలే, ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలలో సిఫారసు చేసింది కూడా. అయితే అక్కడ ఏ జ్ఞాపకాన్ని, ఎంతసేపు, ఏ క్రమంలో తాకాలో ముందే మాట్లాడుకుంటారు, ఎక్కడ ఆపాలో ఇద్దరికీ తెలిసి ఉంటుంది, ఎదురుగా ఒక మనిషి ఉంటాడు. ఇరవైమంది కూర్చున్న గదిలో, ఎవరి గతమేమిటో తెలియకుండా, అందరికీ కలిపి “దానితోనే ఉండండి” అనడాన్ని ఆ చికిత్సతో సమానం చేయలేం.

శ్వాస అందరికీ విశ్రాంతి స్థలం అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. మంచం కింద దాక్కుని ఊపిరి బిగపట్టిన పిల్లకు, గొంతు నొక్కబడిన మనిషికి, ఛాతీ మీద దృష్టి పెట్టడమంటే ఆ సంఘటన జరిగిన చోటికే తిరిగి వెళ్లి కూర్చోవడం. డేనియల్ సీగెల్ అనే మనోవైద్యుడు దీన్ని వివరించడానికి ‘సహన పరిధి’ అన్న భావనను వాడుకలోకి తెచ్చారు. ఆ పరిధిలో ఉన్నంతసేపు బాధ కలిగినా మనిషి ఆలోచించగలడు, తాను ఏ గదిలో ఉన్నాడో, ఏ సంవత్సరంలో ఉన్నాడో తెలుస్తుంది. పరిధి పైకి దాటితే గుండె దడ, ఒణుకు, పారిపోవాలన్న తొందర. కిందికి దాటితే మొద్దుబారిపోవడం, తనను తాను దూరం నుంచి చూస్తున్నట్టు ఉండటం. ఈ రెండోదే నన్ను ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే కదలకుండా, ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చున్న ఆ మనిషిని చూసి బోధకులు ఎంత చక్కగా ధ్యానం కుదిరిందో అనుకునే ప్రమాదం ఉంది.

ఇది ఒకరిద్దరికే జరిగే విషయం కూడా కాదు. బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన విలోబీ బ్రిటన్, జేరెడ్ లిండాల్ బృందం ధ్యాన సాధకులను, బోధకులను ఇంటర్వ్యూ చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో భయం, నిద్రలేమి, పాత ఆఘాతాల జ్ఞాపకాలు తిరగబెట్టడం వంటివి నమోదయ్యాయి.

అలాగని సాధన మానేయమని నేను ఎవరికీ చెప్పను. కళ్లు తెరిచే ఉంచుకోవచ్చు. దృష్టిని శ్వాస మీద కాకుండా నేలను తాకుతున్న అరికాళ్ల మీద, వీపుకు ఆనుతున్న కుర్చీ మీద, బయటి చప్పుళ్ల మీద నిలపవచ్చు. మొదట్లో అర నిమిషం చాలు. కష్టమైన అనుభూతిని కాస్త తాకి, వెంటనే సురక్షితంగా అనిపించే చోటికి రావడం, మళ్లీ వెళ్లడం, మళ్లీ రావడం. ఎప్పుడు ఆపాలో నిర్ణయించే అధికారం పూర్తిగా ఆ మనిషిదే కావాలి, ఎందుకంటే ఒకప్పుడు వాళ్ల నుంచి లాక్కున్నది ఆ అధికారాన్నే.

మైండ్‌ఫుల్‌నెస్ అని మనం అంటున్నది పాలీ భాషలోని ‘సతి’, మన సంస్కృత ‘స్మృతి’. గుర్తుంచుకోవడం అని దాని మూలార్థం. గతమే వర్తమానమై మీద పడే మనిషికి “నేను ఇప్పుడు ఇక్కడ ఉన్నాను” అని గుర్తుండటమే అసలు సాధన అని నా నమ్మకం. ఆ గుర్తు చెదరగొట్టే పద్ధతి ఎంత పురాతనమైనదైనా ఆ మనిషికి ఆ రోజుకు పనికిరాదు.

అభ్యంతరం తెలిపిన మరో సభ్యుడు:

శ్వాస సంగతి సరే, ధ్యానంతో పాటు తరచూ చెప్పే ఆత్మకరుణ మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. గాయం చేసినవాడు హాయిగా తిరుగుతుంటే, గాయపడినవాడిని పట్టుకుని “నీ మీద నువ్వు దయ చూపుకో” అనడం, బాగుచేసుకునే బరువు కూడా అతని నెత్తినే పెట్టడం కాదా? నన్ను ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకుని “నేను ప్రేమకు అర్హుణ్ణి” అని లోలోపల అనుకోమన్నారు. ఊరట రాలేదు సరికదా, కడుపులో తిప్పి, ఏడుపు, కోపం కలిసి తన్నుకొచ్చాయి.

కౌన్సెలర్‌గా పనిచేస్తున్న సభ్యురాలు:

మీకు కలిగినది తెలిసిన విషయమే, దానికి పేరు కూడా ఉంది. మంటలు ఆక్సిజన్ అందక అణిగి ఉన్న గదికి ఒక్కసారిగా తలుపు తీస్తే లోపలికి గాలి చొరబడి నిప్పు ఎలా భగ్గుమంటుందో, ఏళ్లుగా మూసిన మనసులోకి దయ ప్రవేశించినప్పుడు పాత బాధ అలా ఎగసిపడుతుందని, అగ్నిమాపక సిబ్బంది వాడే ‘బ్యాక్‌డ్రాఫ్ట్’ అన్న మాటను మనస్తత్వవేత్త క్రిస్టఫర్ జర్మర్ దీనికి వాడారు. కరుణ ఆధారిత చికిత్సను రూపొందించిన పాల్ గిల్బర్ట్ కూడా కరుణ అంటేనే కలిగే భయాన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. ఆదరించాల్సిన చేతులే కొట్టిన ఇంట్లో పెరిగినవారికి, దగ్గరితనమూ ప్రమాదమూ ఒకే ముడిగా పడిపోతాయి. అలాంటివారితో ప్రేమ వాక్యాలు పలికించడం తొందరపాటు. నేనైతే మాటల జోలికే వెళ్లకుండా, దాహమైనప్పుడు నీళ్లు తాగడం, చలేసినప్పుడు దుప్పటి లాక్కోవడం దగ్గర మొదలుపెట్టిస్తాను. అదీ దయే, పైగా దాన్ని నమ్మాల్సిన పని లేదు.

ఇక బరువు ఎవరిదన్న మీ ప్రశ్న న్యాయమైనది. 2003లో మనస్తత్వ పరిశోధకురాలు క్రిస్టిన్ నెఫ్ ఆత్మకరుణను నిర్వచించినప్పుడు మూడు అంశాలు చెప్పారు: తన పట్ల మెత్తదనం, బాధ మనుషులందరికీ ఉన్నదేనన్న గ్రహింపు, బాధను పెంచకుండా తుంచకుండా ఉన్నదున్నట్టు చూడటం. ఈ మూడింటిలో ఎక్కడా క్షమించాలన్న మాట లేదు. అన్యాయం చేసినవాడిని క్షమించాలనో, ఫిర్యాదు మానుకోవాలనో ఆత్మకరుణ పేరుతో ఎవరైనా అంటే అది వాళ్లు కలిపిన మాట. “నాకు జరిగింది తప్పు” అని గట్టిగా అనుకోగలగడం, హాని చేసేవారికి గీత గీయడం కూడా తన మీద తనకున్న దయలో భాగమే. మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లోనే కోలుకోవడంలో తొలి దశ భద్రత అని రాశారు. హింస ఇంకా సాగుతున్న ఇంట్లో ఉన్నవారికి ముందు కావలసింది అక్కడి నుంచి బయటపడే దారి, సాయపడే మనుషులు. ధ్యానం తర్వాతి మాట. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవారు, రోజువారీ పనులు చేసుకోలేని స్థితిలో ఉన్నవారు ఒంటరిగా ఏ సాధనా మొదలుపెట్టకుండా మొదట మానసిక వైద్యులను కలవాలని చేతులు జోడించి కోరుతున్నాను.

దీర్ఘకాల సాధకుడు:

మొద్దుబారడాన్ని ప్రశాంతత అనుకునే ప్రమాదం గురించి చదివాక చాలాసేపు ఆలోచించాను. నాతో కలిసి కూర్చున్నవారిలో కొందరిని మెచ్చుకుంటూ నేనే ఆ పొరపాటు చేసి ఉండవచ్చు. కూర్చోవడం వల్ల నాకు కలిగిన మేలును మాత్రం కాదనలేను. ముందుగా భద్రత కుదిరినవారికి శ్వాస కూడా ఒకనాటికి ఆసరా కాగలదన్న నా అభిప్రాయం మారలేదు. అయితే ఆ రోజు ఎప్పుడన్నది బోధకులు నిర్ణయించేది కాదని ఒప్పుకుంటున్నాను.

ప్రశ్న వేసిన సభ్యురాలు:

ఇక్కడ చదివినదాన్ని వారం రోజులుగా ప్రయత్నిస్తున్నాను. గోడకు వీపు ఆనించి, తలుపు కనిపించేలా, కళ్లు తెరిచి కూర్చుంటున్నాను. అరికాళ్ల కింద నేల చల్లదనాన్ని మాత్రమే చూస్తున్నాను. నిన్న నలభై సెకన్లకే గుండె దడ మొదలైతే లేచి నిలబడి, కిటికీ అంచున ఉన్న వస్తువుల రంగులు ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పుకున్నాను. దడ తగ్గింది. “ఇది కూడా చేతకాలేదు” అన్న పాత మాట రాబోయింది గానీ, సగంలో ఉండగానే మోచేతి మీద రెండో చెయ్యి వేసుకుని ఆగాను. మళ్లీ కూర్చోలేదు. ట్రామా చికిత్స తెలిసిన ఒక సైకాలజిస్టు దగ్గర వచ్చే వారానికి సమయం తీసుకున్నాను.