పేపరు లేని సరుకు పోర్టులో ఆగితే అద్దె ఎవరు కట్టాలి?

పూర్ణామార్కెట్_షాపు:
న్యాయం ఎటుందో మీరే చెప్పండి. నాది ఇంటి అలంకరణ సామాన్ల హోల్‌సేల్. చైనా నుంచి ఒక నలభై అడుగుల కంటైనర్ తెప్పించాను. పూలకుండీలు, ఫోటో ఫ్రేములు, మొత్తం 610 అట్టపెట్టెలు. అందులో 42 పెట్టెల్లో తాళం తిప్పితే నడిచే కుక్కపిల్లలు. సప్లయర్ ఇన్వాయిస్‌లో ‘షోపీస్’ అని రాశాడు, కస్టమ్స్‌కిచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీలో నేనూ అదే వేయించాను. పెట్టె విప్పిన ఆఫీసరు ఒక కుక్కపిల్లకి తాళం తిప్పి బల్ల మీద వదిలాడు. అది నాలుగడుగులేసి తలాడించి ఆగింది. "ఇది షోపీసా?" అన్నాడు. అంతే, కంటైనర్ మొత్తం ఆగిపోయింది.

ఆటబొమ్మేనని తేల్చడానికి 26 రోజులు, మిగతా సరుకు వదలడానికి ఇంకో 12. యార్డు అద్దె, షిప్పింగ్ లైన్ డిటెన్షన్ (కంటైనర్ వెనక్కివ్వనందుకు వేసే అద్దె) కలిపి నాలుగున్నర లక్షలు పడింది. సరుకు విలువే పదకొండు లక్షలు! కుక్కపిల్లల విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి వెళ్ళడానికి పట్టిన రోజులకి కూడా నేనే కట్టాలా?

గాజువాక_గురూ:
ఏటి గురూ, పక్కనే బొమ్మల ఊరు ఏటికొప్పాక పెట్టుకుని చైనా కుక్కపిల్ల దేనికి? జీఐ (ఊరి పేరు మీద ఇచ్చే) గుర్తింపు ఉన్న బొమ్మలకి ఐఎస్ఐ గోలే లేదు.

షీలానగర్_సీహెచ్ఏ:
జోకులకేం గానీ, కస్టమ్స్ పనులు చూసే ఏజెంటుగా (సీహెచ్ఏ) ముందు ఒక మాట. ఆటబొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అయింది 2021 జనవరి 1 నుంచి. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకోడానికి చేసినదేదైనా బొమ్మే, పెద్దవాళ్లు షోకేసులో పెట్టుకున్నా సరే. ఆ మార్కు వేసుకునే లైసెన్సు మీకివ్వరు, అక్కడి ఫ్యాక్టరీకి ఇస్తారు. కాబట్టి సరుకు దిగాక పరిగెత్తి తెచ్చుకునే కాగితం కాదది. అదే ఎమ్మార్పీ లేబులో, దిగుమతిదారు అడ్రసో లేకపోతే కస్టమ్స్ అదుపులో ఉండే బాండెడ్ గోడౌన్‌లో కూర్చుని అతికించుకోవచ్చు. రెండూ ‘పేపరు లేకపోవడమే’ అని ఒకే గాటన కట్టేస్తారు మనవాళ్లు, అక్కడే మునుగుతారు.

పూర్ణామార్కెట్_షాపు:
అది సరేనండీ. నేనడిగింది 26 రోజుల గురించి. కస్టమ్స్ వాళ్లు ఆపిన సరుకు మీద యార్డు అద్దె తీసుకోకూడదని 2009 కస్టమ్స్ రెగ్యులేషన్లలో ఉంది కదా? 6(1)(ఎల్). ప్రింట్ తీసుకెళ్లి చూపిస్తే యార్డు క్యాషియర్ చదవనైనా చదవలేదు, మడిచి ఇచ్చేశాడు.

కోర్టు_పక్షి:
ఆ వాక్యం మొదట్లో కొన్ని మాటలున్నాయి, మీరు దాటేశారు: ‘ఇతర చట్టాలకు లోబడి’. దాని మీదే కేసులన్నీ. 1995లో గ్రాండ్ స్లామ్ కేసులో సుప్రీంకోర్టు, అద్దె మాఫీ చెయ్యమని కస్టమ్స్ ఇచ్చే డిటెన్షన్ సర్టిఫికెట్‌కి సరుకు కాపలాదారు (యార్డు లాంటివాడు) కట్టుబడనక్కర్లేదంది. 2001లో సీఎల్ జైన్ వూలెన్ మిల్స్ కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. కస్టమ్స్ ఆపడమే తప్పని తేలినా సరే, సరుకు మోసుకొచ్చిన ఓడ కంపెనీకి తన డెమరేజ్, అంటే ఆలస్యపు అద్దె, అడిగే హక్కు పోదంది. మీ కేసులో ఆపడం తప్పు కూడా కాదు.

ఇది నాకు నచ్చిందని కాదు. ఎవరో చేసిన ఆలస్యానికి ఇంకెవరో కట్టడం ఏ లెక్కన చూసినా బాగోదు. ఉన్న పరిస్థితి చెప్పానంతే.

యార్డు_మనిషి:
ఒక కంటైనర్ యార్డులో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. అందరూ మమ్మల్ని వడ్డీ వ్యాపారుల్లా చూస్తారు. మాకు కావలసింది అద్దె కాదు బాబూ, జాగా. వారం వారం రేటు పెంచేది కూడా అందుకే, యార్డుని ఎవరూ గోడౌన్‌లా వాడుకోకూడదని. ముప్పై రోజులు దాటితే కస్టమ్స్ చట్టం 48వ సెక్షన్ కింద వేలం వెయ్యొచ్చంటారు. వేసినా వచ్చిన డబ్బులో ముందు వేలం ఖర్చు, తర్వాత ఓడవాడికి రావలసింది, ఆ తర్వాత సుంకం. మా బాకీ నాలుగోది. అప్పటికి డబ్బా అడుగు కనిపిస్తుంది.

చెన్నై మనలి యార్డు కథ గుర్తుందా? లైసెన్సు సరిగా లేని అమ్మోనియం నైట్రేట్, దాదాపు 700 టన్నులు, 2015 నుంచి అలాగే పడుంది. 2020 ఆగస్టులో అదే సరుకు బేరూట్‌ పోర్టులో పేలాక గానీ ఎవరికీ గుర్తు రాలేదు. అప్పుడు హడావిడిగా లారీలెక్కించి హైదరాబాద్ పంపారు. అలాంటి సరుకు పక్కన రోజూ క్యారేజీ విప్పి తినేవాడిని అడగండి, పేపరు లేని కంటైనరంటే ఏంటో.

పూర్ణామార్కెట్_షాపు:
నావి కుక్కపిల్లలండీ, పేలవు.

లారీ_ఓనర్:
నా బండి రెండు సార్లు వచ్చి ఖాళీగా వెనక్కి పోయింది. ఆ బాడుగ గురించి ఎవరూ మాట్లాడరేం?

షీలానగర్_సీహెచ్ఏ:
షాపు గారూ, నాలుగున్నర లక్షల్లో షిప్పింగ్ లైన్‌ది ఎంత?

పూర్ణామార్కెట్_షాపు:
రెండు లక్షల డెబ్బై వేలు. డాలర్లలో వేశాడు.

షీలానగర్_సీహెచ్ఏ:
అనుకున్నాను. సగానికి పైగా పోయింది ఇనప డబ్బా అద్దెకి, సరుకు నిల్వకి కాదు. 49వ సెక్షన్ ఒకటుంది. క్లియరెన్స్ ఆలస్యమవుతుందని దరఖాస్తు పెడితే, సుంకం కట్టకుండానే సరుకుని గోడౌన్‌లో ముప్పై రోజులు ఉంచుకోడానికి అనుమతిస్తారు, కావాలంటే పొడిగిస్తారు. కంటైనర్ ఖాళీ చేసి లైన్‌కి అప్పగించేస్తే ఆ రోజుతో డాలర్ మీటర్ ఆగిపోతుంది. గోడౌన్ అద్దె, కూలీలు మీరే కట్టాలి, అయినా ఈ లెక్కలో పావు వంతు కూడా కాదు. కుక్కపిల్ల తలాడించిన రోజు సాయంత్రమే పెట్టాల్సిన దరఖాస్తది. మీ సీహెచ్ఏ చెప్పలేదా?

పూర్ణామార్కెట్_షాపు:
"రేపో ఎల్లుండో వచ్చేస్తాది" అన్నాడు. 38 రోజులూ అదే మాట.

కోర్టు_పక్షి:
లైన్ మీద కూడా 2018 మానిఫెస్ట్ (ఓడ సరుకు జాబితా) రెగ్యులేషన్లలో ఒక పట్టుంది. బిల్ ఆఫ్ ఎంట్రీలో రాసినవి సరిచూడ్డానికి కస్టమ్స్ ఆపితే డిటెన్షన్ అడగకూడదు, అరవై రోజుల దాకా. కానీ రాసినవి సరిగ్గా ఉన్నాయని తేలాలి. మీరు షోపీస్ అని రాశారు, బొమ్మని తేలింది. ఆ ఒక్క పదం మీకు రెండు లక్షల డెబ్బై వేలు.

పూర్ణామార్కెట్_షాపు:
అంటే నిజాయితీగా ‘బొమ్మలు’ అని రాసుంటే లైన్ డబ్బులు మిగిలేవా?

షీలానగర్_సీహెచ్ఏ:
బొమ్మలని రాసుంటే లైసెన్సు నంబరు ఎక్కడని మొదటి రోజే అడిగేవారు. ఆ 42 పెట్టెలు పక్కన పెట్టి మిగతావి అడగడానికి 26 రోజులు ఆగక్కర్లేదు. పక్షి గారితో నాకు పేచీ ఒక్కటే. కాగితం లేని వాడి రోజులు వేరు, ఆఫీసులో ఫైలు నిద్రపోయిన రోజులు వేరు. రెండో రకం రోజులకి అద్దె ప్రభుత్వమే యార్డుకి కట్టాలంటాను నేను. అది మాకు రోజూ కనిపించే అన్యాయం. కాకపోతే షోపీస్ అని రాసినవాడు ఆ మాటంటే వినేవాడుండడు.

యార్డు_మనిషి:
ప్రభుత్వం కడితే మాకేం అభ్యంతరం, ఎవరు కట్టినా డబ్బే. ఆ 42 పెట్టెలు మా పక్క యార్డులోనే ఉన్నట్టున్నాయి, మీటర్ ఇంకా తిరుగుతోంది.

పూర్ణామార్కెట్_షాపు:
అదే భయం. నాకొద్దు మొర్రో అని హక్కు వదిలేసుకుంటే పోదా?

షీలానగర్_సీహెచ్ఏ:
నేరం జరిగినట్టు కనిపించే సరుకుకి 23వ సెక్షన్ కింద అలా వదిలేసుకోడానికి వీల్లేదు. మిగిలిన దారి, సరుకు తిరిగి పంపడానికి అనుమతి అడగడమే. పెనాల్టీ తప్పదు. సప్లయర్ తీసుకుంటానన్నాడా?

పూర్ణామార్కెట్_షాపు:
మెసేజ్ చూశాడు. బదులివ్వలేదు.

షీలానగర్_సీహెచ్ఏ:
రేపు 11కి కాన్వెంట్ జంక్షన్ దగ్గరికి రండి, ఫైలు మొత్తం తెండి. ఇన్వాయిస్, బిల్ ఆఫ్ ఎంట్రీ, ఎగ్జామినేషన్ రిపోర్టు. ఫీజు సంగతి తర్వాత చూద్దాం.

పూర్ణామార్కెట్_షాపు:
వస్తాను సార్. బొమ్మ ఒకటి తేవాలా?

షీలానగర్_సీహెచ్ఏ:
బొమ్మ యార్డులో ఉంది కదండీ, ఎలా తెస్తారు. ఫోటో చాలు.