గంజాయిని చట్టబద్ధం చేస్తే ఖజానాకి ఎంత?

ప్రశ్న (కూకట్‌పల్లి): అన్నా, మద్యం మీద వచ్చినట్టే గంజాయి మీద పన్నేస్తే తెలంగాణకి బాగానే రాదా? అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో వచ్చిందంటున్నారు.

జవాబు: వచ్చింది, నిలవలేదు. 2014లో అమ్మకాలు మొదలు. 2021లో పన్నులు, ఫీజులు 42 కోట్ల డాలర్లు దాటాయి, 2023కి 28 కోట్ల లోపుకి దిగాయి. తోట దగ్గర 15 శాతం ఎక్సైజ్ బరువు మీద కాదు, ధర మీద. సాగు పెరిగి హోల్‌సేల్ రేటు పడగానే పన్నూ పడింది. 2022లో పక్కనున్న న్యూమెక్సికో దుకాణాలు తెరిచింది, సరిహద్దు గిరాకీ అటు పోయింది.

ఇంకొకరు: దుకాణదారుడి బాధ వేరు. షెడ్యూల్ 1, 2 (అమెరికా కేంద్ర చట్టంలో అతి కఠినంగా నియంత్రించే మత్తుమందుల జాబితాలు) సరుకు అమ్మితే అమెరికా పన్ను చట్టం సెక్షన్ 280ఇ కింద అద్దె, జీతాలు ఖర్చుగా చూపనివ్వరు. 100కి కొని 160కి అమ్మి, అద్దె, జీతాలకి 50 పోతే మిగిలేది 10. పన్ను మాత్రం 60 మీద! కంపెనీ రేటు 21 శాతం, అంటే 12.60. చేతి నుంచే కట్టాలి.

ప్రశ్న: మరి ఇక్కడ రాష్ట్రమే చేసుకోవచ్చా?

జవాబు: కుదరదు తమ్ముడూ. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ చట్టం) కేంద్ర చట్టం. సెక్షన్ 8 వైద్య, శాస్త్ర అవసరాలకే వదిలింది. నార, విత్తనాల సాగుకి సెక్షన్ 14 ఉంది, ఉత్తరాఖండ్ ఆ దారే పట్టింది. అక్కడ టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) 0.3 శాతం దాటకూడదు. దానితో మద్యం స్థాయి ఆదాయం రాదు.