బయోమెడికల్‌లో నేరుగా చేర్చాలా, ఈసీఈ చదివించి తర్వాత చూడాలా?

బురుజు నీడ, కర్నూలు:
మా పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. బీటెక్‌లో బయోమెడికల్ ఇంజినీరింగే కావాలంటోంది. మా బావేమో "ఆస్పత్రిలో మిషన్లు రిపేరు చేసేదానికి నాలుగేళ్ళ చదువా? ఈసీఈలో చేర్పించు, ఎంటెక్ అప్పుడు చూసుకోవచ్చు" అంటాడు. వారం నుంచి ఇంట్లో ఇదే గొడవ. తెలిసినవాళ్ళు చెప్పండి.

కారం దోశ, కడప:
నాదీ మీ బావ మాటే. నేను ఈసీఈ చదివినా. యాంప్లిఫయర్లు, ఫిల్టర్లు, సిగ్నల్స్ అన్నీ మాకూ ఉన్నాయి. బయోమెడికల్ వాళ్ళకు వీటితోపాటు అనాటమీ, ఫిజియాలజీ, బయోమెటీరియల్స్, బయోమెకానిక్స్, ఇమేజింగ్ కలుపుతారు. అన్నీ తలా పిడికెడు, ఏదీ కడుపు నిండా కాదు. పైగా క్యాంపస్‌కు వచ్చే కంపెనీలకు ఆ బ్రాంచి పేరే కొత్త. అంత ఇష్టముంటే ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర కలిసి నడిపే క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ ఉంది కదా.

ఎర్తు వైరు, అనంతపురం:
పదకొండేళ్ళుగా నా కూడు ఇదే. "మిషన్ రిపేరు" అన్నందుకు కోపమేం లేదు, రోజులో సగం అదే పని. మిగతా సగం చెప్తా.

ఒక రాత్రి ఓ ప్రైవేటు ఆస్పత్రి నుంచి ఫోన్. ఈసీజీ గీత గొంగళిపురుగులా వస్తోంది, మిషన్ పోయింది, కొత్తది తెప్పించమని. గుండె నుంచి చర్మం దాకా వచ్చే సిగ్నల్ ఒక మిల్లీవోల్టు ఉంటే గొప్ప. చుట్టూ ఉన్నది 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కరెంటు. అది మనిషి ఒంట్లోకి దూరి గీతకు బొచ్చు మొలిపిస్తుంది. కుడికాలికి ఎలక్ట్రోడు పెట్టేది అందుకే. ఒంటిమీద చేరిన రొదను తిరగేసి, ఆ కాలి గుండానే లోపలికి పంపి అణిచేస్తారు. చూస్తే మిషన్ శుభ్రంగా ఉంది. టైల్స్ వేసినప్పుడు గోడ సాకెట్‌లో ఎర్తు తెగిపోయింది, అంతే.

ఇక్కడిదాకా ఈసీఈ చాలు, ఒప్పుకుంటా. కానీ మన ఇళ్ళల్లో షాక్ కొట్టకుండా పెట్టే బ్రేకరు 30 మిల్లీఆంపులకు పడుతుంది. అదే గుండెలోకి క్యాథెటర్ (సన్నటి గొట్టం) వేసిన రోగికి తగిలించే పరికరం నుంచి మామూలుగా 10 మైక్రోఆంపులకు మించి లీకవకూడదు. మూడువేల రెట్లు తక్కువ! చర్మం అడ్డం లేదు, కరెంటు నేరుగా గుండె కండరానికే పోతుంది. మా దగ్గరికి వచ్చే ఈసీఈ పిల్లలకు ఇది తలకెక్కించేసరికి ఏడాది పడుతోంది. ఎంటెక్ అన్నావు కాబట్టి, ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కు సొంత పేపరు కూడా ఉంది.

కారం దోశ:
నేర్పితే వచ్చింది కదన్నా మరి! ఈసీజీకి 1924లో నోబెల్ అందుకున్న ఐంథోవెన్ శరీరధర్మ శాస్త్రం ప్రొఫెసరు. పోలియో పిల్లలు మోసే మూడు కిలోల కాలిపర్లను (కాళ్ళకు కట్టే ఊతాలు) 300 గ్రాములకు దించింది కలాం గారి క్షిపణి ల్యాబు. వీళ్ళంతా బయోమెడికల్ బీటెక్ చేసి వచ్చినారా?

ఎర్తు వైరు:
ఆ ల్యాబుకు ఆ ఆలోచన వచ్చిందే హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రి నుంచి ఎముకల డాక్టరు వచ్చి, క్షిపణుల కోసం అక్కడ చేసిన తేలిక పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశాక. ఆయన ఆ రోజు రాకపోయుంటే? డాక్టరు ల్యాబు తలుపు తట్టేదాకా ఎదురుచూడకుండా, ఇద్దరి భాషా వచ్చినవాళ్ళు కావాలనే ఈ చదువు.

నర్సక్క, కర్నూలు:
డిగ్రీల సంగతి నాకు తెలియదు. కోవిడ్‌లో మేమున్న చోట వెంటిలేటర్లు వచ్చినాయి, బిగించి చూపేవాళ్ళు లేక కొన్ని దుప్పటి కిందే ఉండిపోయినాయి. రాత్రి రెండుకు ఫోనెత్తే మనిషైతే ఏ బ్రాంచైనా దండం పెడతాం.

బురుజు నీడ:
ఉద్యోగాల సంగతి దోశ చెప్పింది కొట్టిపారేసేది కాదు, నాకూ టెన్షన్‌గానే ఉంది. ఇదంతా పాపకు చదివి వినిపించినా. జీతం గురించి ఒక్కమాట అడగలేదు. "కుడికాలే ఎందుకు నాన్నా?" అంటోంది.

ఎర్తు వైరు:
గుండెకు అన్నిటికన్నా దూరం కాబట్టి. ఆదివారం అనంతపురం తీసుకురండి, పాత మిషన్ ఒకటి విప్పి చూపిస్తా. మీ బావను కూడా తీసుకురండి.