గ్రామీణ వైద్య పరిశోధన కేంద్రాల పనితీరుకు కొలమానం ఏది: పేపర్లా, పల్లెకు తిరిగొచ్చిన రిపోర్టులా?

ఉద్దానం వాసి:
చంద్రగిరిలో ఉన్న ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మోడల్ రూరల్ హెల్త్ రీసెర్చ్ యూనిట్ లాంటివి చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. వాటి పనితీరు ఎలా ఉందని అడిగితే ఎన్ని ప్రాజెక్టులు, ఎన్ని పరిశోధన పేపర్లు, ఎంతమందిని చేర్చుకున్నారు అనే లెక్కలే ముందుకొస్తాయి. ఈ లెక్క సరిపోదని నా వాదన.

మా ప్రాంతానికి కిడ్నీ జబ్బు కారణం వెతుకుతూ ఎన్నో బృందాలు వచ్చాయి. రక్తం, మూత్రం, బోరు నీళ్లు పట్టుకెళ్లాయి. మా పెదనాన్న కూడా ఒక బృందానికి రక్తం ఇచ్చాడు. రిపోర్టు ఇంటికి రాలేదు. క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పెరిగిందని ఆనాడే ఎవరైనా చెప్పి ఉంటే, మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో కొనుక్కునే మాత్రలు అప్పుడే మానేసేవాడు. ఆ మాత్రలు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అందుకే రక్తం ఇచ్చినవాళ్లలో ఎంతమంది చేతికి రిపోర్టు అందిందన్నదే మదింపులో మొదటి ప్రశ్న కావాలి.

కమ్యూనిటీ మెడిసిన్ పీజీ:
మీ బాధ న్యాయమైనదే అన్నా. కానీ పరిశోధన వేరు, వైద్య సేవ వేరు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో, ఆ ఏడాది ఎవరు దేనితో చనిపోయారో ఇంటింటికీ వెళ్లి అడిగి రాసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అని పేరు. మరణాల్లో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. పల్లెల్లో జనం పోయేది జ్వరాలతో, విరేచనాలతోనే అనుకునే రోజులవి. ఆ కుటుంబాలకు ఆరోజు చేతికి వచ్చింది ఏమీ లేదు. అంతమాత్రాన ఆ పని విఫలమైందంటామా?

పీహెచ్‌సీ డాక్టర్, పశ్చిమ గోదావరి:
మా జిల్లా సంగతే ఇంకొకటి చెప్తాను. స్మార్ట్‌హెల్త్ అనే పరిశోధన ట్రయల్‌లో 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశ కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్లను గుర్తించి డాక్టరు దగ్గరకు పంపించారు. చివరికి చూస్తే బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దాన్ని దాచకుండా ప్రచురించారు. నా దృష్టిలో అది మంచి పనితీరు. ముప్పు కనిపెట్టడం ఒక్కటే చాలదని, డాక్టరూ మాత్రలూ నెలనెలా అందుబాటులో ఉండాలని అందరికీ తెలిసింది. కాబట్టి "ఊరికి మేలు జరిగిందా" అన్నదే ఏకైక కొలమానం అయితే, నిజాయితీగా చెప్పిన ప్రతికూల ఫలితాలకు సున్నా మార్కులు పడతాయి.

భద్రాద్రి టీచర్:
చేరికల సంఖ్య దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేయించాయి. ఎంతోమందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారు. టీకా వేయించుకున్నవాళ్లలో కొందరు చనిపోయాక, 2010లో ఆపేశారు. పిల్లల మరణాలకు టీకా కారణం కాదనే విచారణ కమిటీ చెప్పింది, అది మరచిపోకూడదు. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. ఎంత వేగంగా, ఎంతమందిని చేర్చారన్న లెక్క ఒక్కటే చూసి ఉంటే ఆ ప్రాజెక్టుకు మొదటి ర్యాంకు వచ్చేది! గిరిజన తల్లికి తన భాషలో చెప్పడానికి పట్టే సమయం ఆ లెక్కలో ఆలస్యం కింద పడుతుంది.

కమ్యూనిటీ మెడిసిన్ పీజీ:
టీచర్ గారూ, ఇది ఒప్పుకుంటాను. అయితే నేనింకో కొలమానం చెప్తాను: మళ్లీ వచ్చినవాళ్లు ఎంతమంది? హైదరాబాద్ దగ్గర 29 గ్రామాల్లో 1987-90 మధ్య కొన్ని ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా ఉప్మా పెట్టి, మిగతా ఊళ్లతో పోల్చారు. 2003-05లో అవే పిల్లల్ని వెతికి పట్టుకుని ఎత్తు, రక్తనాళాల తీరు చూశారు. అన్నేళ్ల తర్వాత మళ్లీ చెయ్యి చాపి రక్తం ఇచ్చారంటే ఊరికి నమ్మకం ఉన్నట్టే కదా.

ఉద్దానం వాసి:
మంచి మాటే తమ్ముడూ, కానీ మా దగ్గర జాగ్రత్తగా వాడాలి. మా కుర్రాళ్లు సగంమంది వలస పనుల్లో ఉంటారు. ఫాలోఅప్‌కి దొరకనివాడు అలిగినవాడే కానక్కర్లేదు, చెన్నైలోనో విజయవాడలోనో ఉండొచ్చు. డయాలసిస్ మీద ఉండి లేవలేకపోవచ్చు. రానివాళ్లు ఎందుకు రాలేదో ఆ బృందంతో సంబంధం లేనివాళ్లు వెళ్లి అడగాలి.

డాక్టర్ గారూ, మీరు చెప్పిన ప్రతికూల ఫలితాల మాట నాకు నచ్చింది. నేను మందులు ఇమ్మనడం లేదు, పరీక్షలో కనిపించింది చెప్పమంటున్నాను. 2017 ఐసీఎంఆర్ పరిశోధన నైతిక మార్గదర్శకాలు కూడా ఫలితాలు పాల్గొన్నవాళ్లకు చేరాలనే అంటాయి.

పీహెచ్‌సీ డాక్టర్, పశ్చిమ గోదావరి:
చెప్పాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ క్రియాటినిన్ 3 (చాలా ఎక్కువ) ఉన్న కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోతే ఆ మనిషి మర్నాడు వచ్చేది నా ఓపీకే. ఆ రిపోర్టు వివరించే మనిషి జీతం, పెద్దాసుపత్రికి పంపే ఖర్చు ప్రాజెక్టు బడ్జెట్‌లో మొదటి రోజే రాసి ఉండాలి. మదింపు చేసేవాళ్లు ముందు ఆ పద్దు చూపించమని అడగాలి. అది లేని ప్రాజెక్టుకు, పాల్గొనేవాళ్ల హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఇవ్వకూడదంటాను.

భద్రాద్రి టీచర్:
ఆ ఎథిక్స్ కమిటీలో ఆ ఊరి మనిషి ఒకరు కూర్చోవాలి డాక్టర్ గారూ. లేకపోతే ఆ పద్దు కాగితం మీదే మిగిలిపోతుంది.