బగబూస్: బెకీ-షూనార్డ్ ఎక్కేటప్పుడు క్రాంపాన్లు కింద వదిలేయొచ్చా?

రాతిపిచ్చి:
ఆగస్టులో నేనూ నా పార్ట్‌నరూ కెనడాలోని బగబూస్ పర్వతాలకి వెళ్తున్నాం. గురి సౌత్ హౌసర్ టవర్ అనే శిఖరం మీది బెకీ-షూనార్డ్ రూటు. రాయి మీద ఇద్దరికీ 5.10 గ్రేడు కష్టం దాకా లీడ్ చేసే (తాడుతో ముందు ఎక్కే) ధైర్యం ఉంది, గ్లేసియర్ (హిమానీనదం) అనుభవమే అంతంతమాత్రం. టెంటు ఈస్ట్ క్రీక్‌లో వేసి, క్రాంపాన్లూ (మంచు మీద జారకుండా షూకి కట్టే లోహపు ముళ్లు) ఐస్ యాక్సులూ (మంచు గొడ్డళ్లు) రూటు మొదట్లో దాచేసి తేలిగ్గా ఎక్కేద్దామనుకుంటున్నాం. కుదురుతుందా?

మంచుగట్టు:
కుదరదు. మీరెక్కేది పడమటి వైపు, దిగేది తూర్పు వైపు. రాపెల్స్ (తాడు మీద జారుతూ దిగడం) వేసుకుంటూ వచ్చి మీరు తేలేది వోవెల్ గ్లేసియర్ మీద. దాచిన క్రాంపాన్లేమో కొండకి అవతల!

అసలు పరీక్ష ఆ చివరి రాపెల్ దగ్గరే. గోడకీ గ్లేసియర్‌కీ మధ్య బెర్గ్‌ష్రుండ్ అనే లోతైన పగులు నోరు తెరుచుకుని ఉంటుంది, వేసవి ముదిరేకొద్దీ ఇంకా వెడల్పవుతుంది. అప్పటికే రోజంతా ఎక్కి ఒళ్లు హూనమై ఉంటుంది, చీకటి పడుతూ ఉంటుంది. తాడుకి వేలాడుతూనే అవతలి అంచు మీద కాలు మోపాలి. అక్కడ గట్టి ఐస్ ఉంటే ఉత్త షూ జారిపోతుంది. తాడు కొసల్లో ముడి వేయకుండా మాత్రం దిగకండి. ఆ తర్వాత పిజియన్-హౌసర్ కోల్ (శిఖరాల మధ్య కనుమ) దాటితే గానీ టెంటు చేరరు.

అందుకే షూకి స్ట్రాపులతో కట్టుకునే అల్యూమినియం క్రాంపాన్లు, మనిషికో చిన్న యాక్స్ వెంటే తీసుకెళ్లండి. బరువంటారా, రెండో వాడి బ్యాగులో పెట్టండి, లీడర్ హాయిగా ఎక్కుతాడు. 1961లో ఫ్రెడ్ బెకీ, ఇవాన్ షూనార్డ్ వేసిన రూటు అది, సుమారు 600 మీటర్ల గ్రానైట్. రాయి గురించి మీకు బెంగక్కర్లేదు.

తాడుకొస:
ముందు పిజియన్ స్పైర్ శిఖరం మీద వెస్ట్ రిడ్జ్ రూటు చేయండి. 5.4 అని చిన్నచూపు చూడకండి, గ్లేసియర్ నడక అలవాటవుతుంది. ఇద్దరే ఉన్నప్పుడు క్రెవాస్‌లో (గ్లేసియర్ పగులులో) ఒకరు పడితే రెండోవాళ్లు ఒంటరిగా లాగాలి, కాబట్టి ఇద్దరి మధ్యా తాడులో ముడులు వేసుకుని నడవండి. మంచులో కూరుకుని అవే బ్రేకు వేస్తాయి. బగబూ-స్నోప్యాచ్ కోల్ దారిలో వెళ్తే పొద్దున్నే దాటేయండి. ఎండెక్కి మంచు కరిగితే పట్టు వదిలిన రాళ్లు దొర్లుకుంటూ వస్తాయి.

ముళ్లపంది:
ఎవరూ కారు సంగతి ఎత్తలేదేం? నా పేరే సాక్షి. పార్కింగ్‌లో ముళ్లపందులు బ్రేకు గొట్టాలూ టైర్లూ కొరికేస్తాయి. కారు చుట్టూ కోళ్ల జాలీ కట్టి, కింది అంచు మీద రాళ్లు పెట్టండి, సందు దొరికితే దూరిపోతాయి.

రాతిపిచ్చి:
బెర్గ్‌ష్రుండ్ మాట వినగానే పార్ట్‌నర్ మొహం మాడింది. సరే, క్రాంపాన్లు వాడి బ్యాగులోకే. ముళ్లపంది గారూ, జాలీ మేమే కొనుక్కెళ్లాలా?

ముళ్లపంది:
మామూలుగా అక్కడే పడి ఉంటుంది. కాకపోతే సీజన్ మధ్యలో మంచి ముక్కలన్నీ ముందొచ్చిన వాళ్ల కార్ల చుట్టూనే ఉంటాయి. డిక్కీలో ఒక చుట్ట వేసుకోండి, గ్లవ్స్ తొడుక్కుని కట్టండి.