ప్రయోగశాలలో తయారయ్యే అండాలపై ఆశ పెట్టుకోవచ్చా?

సుభాషిణి (చర్చ ప్రారంభం): 2023లో జపాన్‌కు చెందిన కత్సుహికో హయాషి బృందం మగ చిట్టెలుక కణాల నుంచి అండాలను తయారుచేసి, వాటితో పిల్లలను పుట్టించింది. ముప్పై ఏళ్లు నిండకుండానే అండాశయాలు పనిచేయడం మానేసిన నావంటి వారికి ఇది ఆశ కలిగించే వార్త అని నిన్న మరో చర్చలో రాస్తే, ‘బూటకం’ అని కొట్టిపారేశారు. కారణం చెప్పగలరా?

ప్రభాకర్ మాస్టారు: ఆ మాట అన్నది నేనే. ‘పూర్తిగా ప్రయోగశాలలో తయారైంది’ అన్న ప్రచారాన్నే నేను బూటకమన్నాను. 2012లోను, 2016లోను మూలకణాల (ఏ రకం కణంగానైనా మారగల స్టెమ్‌సెల్స్) నుంచి వచ్చిన ఆదిబీజకణాలు (తరువాత అండాలుగానో శుక్రకణాలుగానో మారే తొలి కణాలు) అండాలుగా ఎదగడానికి గర్భస్థ చిట్టెలుక నుంచి తీసిన అండాశయ కణాల ఆసరా అవసరమైంది. దేహంలో జరిగే తంతు చూడండి: చిట్టెలుక పిండానికి ఆరు రోజుల వయసులో, పక్కనున్న పొర నుంచి వచ్చే బీఎంపీ4 అనే ప్రోటీన్ సంకేతం అందుకున్న కొద్ది కణాలు మాత్రమే దేహకణాల దారి వదిలి ఆదిబీజకణాలవుతాయి. ఏడు రోజులు దాటేసరికి అవి సుమారు 40 ఉంటాయి. ఆపైన పేగు గోడ వెంట ప్రయాణించి పదిన్నర రోజులకు బీజకోశాన్ని (అండాశయంగానో వృషణంగానో మారబోయే భాగాన్ని) చేరతాయి. ఈ క్రమంలోనే జన్యువులపై ఉన్న తల్లిదండ్రుల ముద్రలు (ఏ జన్యువు తల్లి నుంచి, ఏది తండ్రి నుంచి వచ్చిందో గుర్తుపెట్టి, దాన్ని పనిచేయించే లేదా ఆపే రసాయన గుర్తులు) చెరిగిపోయి, తరువాత కొత్తవి పడతాయి.

నిర్మొహమాటం: మాస్టారు 2016 దగ్గరే ఆగిపోయారు. 2021లో ఆ అండాశయ కణాలను కూడా మూలకణాల నుంచే చేశారు.

ప్రభాకర్ మాస్టారు: చిట్టెలుకలో చేశారు. మనిషి విషయంలో 2018లో జపాన్ శాస్త్రవేత్త మిచినోరి సైటో బృందం మానవ కణాలను చిట్టెలుక పిండపు అండాశయ కణాలతో కలిపి నెలల తరబడి పెంచినా, అండానికి ముందరి దశ దగ్గరే ఆగింది. 2024లో అదే బృందం పాత ముద్రలను చెరిపే దశను చిట్టెలుక కణాల ఆసరా లేకుండానే సాధించింది, నిజమే. అయినా అది అండం కాదు.

తులసి: మా చెల్లెలికి ఒక సంతాన సాఫల్య కేంద్రం ‘స్టెమ్‌సెల్ పద్ధతిలో మీ సొంత అండాలే వస్తాయి’ అని చెప్పింది. చివరికి చేసింది ఆమె చేతి నుంచి రక్తం తీసి, యంత్రంలో తిప్పి, పైకి తేలిన ద్రవాన్ని అండాశయంలోకి ఎక్కించడమే. బిల్లులో మాత్రం ‘ఓవేరియన్ రిజువనేషన్’ (అండాశయాలకు మళ్లీ యవ్వనం) అని ఉంది. ఆశ గురించి నాకు చెప్పకండి.

నిర్మొహమాటం: దానికీ హయాషి పరిశోధనకూ ఏమిటి సంబంధం?

ప్రభాకర్ మాస్టారు: సంబంధం లేకేం? ఇటువంటి వార్తల నీడలోనే అటువంటి దుకాణాలు వెలుస్తాయి. సుభాషిణి గారు చెప్పిన 2023 ప్రయోగంలో 630 పిండాలను గర్భంలో ప్రవేశపెడితే పుట్టినవి 7 పిల్లలు. మిగిలిన 623 సంగతి ఆ వార్త రాసినవారు చెప్పారా?

సుభాషిణి: అంకెలు నాకూ తెలుసు. మీరు ప్రతి చర్చలోనూ నావంటి వారికి ‘దాత అండం తీసుకోండి’ అని సలహా ఇచ్చి, ఆపైన ఒక సాంకేతిక అభ్యంతరం పట్టుకుని వేలాడతారు. 2021 చూపిస్తే మనిషి అంటారు, మనిషిని చూపిస్తే ముద్రలు అంటారు. అసలు మీ అభ్యంతరం ఏమిటో సూటిగా చెప్పండి.

ప్రభాకర్ మాస్టారు: సూటిగానే చెబుతాను. తొలి ప్రయోగం జరిగేది మీ మీద కాదు, పుట్టబోయే బిడ్డ మీద. దానికి ఒప్పుకునే హక్కు మీకుందని నేను అనుకోను.

సుభాషిణి: 1978లో టెస్ట్‌ట్యూబ్ శిశువు విషయంలోనూ ఈ మాటే అన్నారు. అదే ఏడాది కోల్‌కతాలో అటువంటి శిశువును పుట్టించిన వైద్యుడు సుభాష్ ముఖోపాధ్యాయ్ గారి ఫలితాన్ని ప్రభుత్వ కమిటీ నమ్మనేలేదు. మీవంటి వారి మాటే చెల్లివుంటే నేడు ఐవీఎఫ్ ఉండేదా?

ప్రభాకర్ మాస్టారు: ఐవీఎఫ్‌లో అండాన్ని దేహమే పెంచింది, ముద్రలు దేహమే వేసింది, బయట జరిగింది ఫలదీకరణ, ఆ తరువాతి కొద్ది రోజుల పెంపకం మాత్రమే. ఇక్కడ ఆ ముద్రలు వేసే పని కూడా మన చేతుల్లోకి వస్తుంది. అవి తప్పుగా పడితే బిడ్డ పుట్టిన తరువాతే బయటపడవచ్చు. కోతుల్లో కనీసం రెండు తరాలు ఆరోగ్యంగా పెరిగాక మాట్లాడదాం.

నిర్మొహమాటం: మకాక్ కోతి ఈడుకు రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, మాస్టారూ.

సుభాషిణి: వారికి ఆ లెక్క తెలుసు. తెలిసే అంటున్నారు.